బూడిదలోంచి వచ్చిన కుక్కపిల్లలు

పెళ్లి దగ్గరపడింది. వరుడికి 44 ఏళ్లు. వడ్రంగి పని చేసుకుంటాడు. ఆయనకో రహస్యం ఉంది. ట్రంకుపెట్టెలో తాళం వేసి దాచిన బొత్తులకొద్దీ కాగితాలు. అన్నీ ఏళ్ల తరబడి తను రాసుకున్న కథలే! చూస్తే స్పెల్లింగులు తప్పులు. కామా ఎక్కడ పెట్టాలో, ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలో తెలీదు. కాబోయే భార్యేమో చదువుకున్న మనిషి. అమెరికా అణుశక్తి సంస్థలో బడ్జెట్ లెక్కలు చూస్తుంది. 'ఇవి ఆమె కంటపడితే ఇంకేమైనా ఉందా? ఎంత సిగ్గుచేటు!' అనుకున్నాడాయన. కాగితాలన్నీ తీసి నిప్పులో పడేశాడు. కళ్లముందే అన్నీ బూడిదైపోయాయి.

ఇది 1958 నాటి మాట. ఆ బూడిదలో కలిసిపోయిన కథల్లో ఒకటి... ఒక పిల్లాడు, రెండు వేటకుక్కల కథ. తర్వాతి రోజుల్లో అమెరికా బడుల్లో తరాల తరబడి పిల్లల్ని వెక్కివెక్కి ఏడిపించిన 'వేర్ ద రెడ్ ఫెర్న్ గ్రోస్' అదే. ఆ వడ్రంగి పేరు విల్సన్ రాల్స్.

కాలిపోయిన కథ మళ్లీ ఎలా పుట్టింది? అసలు పిల్లాడికీ కుక్కకూ మధ్య జరిగే కథల్లో అంతగా ఏముంది?

మొదటి శ్రోతకు నాలుగు కాళ్లు

రాల్స్ 1913లో ఓక్లహామా రాష్ట్రంలోని ఓజార్క్ కొండల్లో పుట్టాడు. వాళ్ల అమ్మది చెరొకీ తెగ మూలాలున్న కుటుంబం. ఆ తెగ వాళ్లకు ప్రభుత్వం పంచిన భూమిలోనే వాళ్ల సేద్యం. దగ్గర్లో బడి లేదు. అమ్మే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పుస్తకాలు చదివి వినిపించేది. అలా ఓసారి జాక్ లండన్ రాసిన 'ద కాల్ ఆఫ్ ద వైల్డ్' వాళ్లింటికొచ్చింది. అందులో కథానాయకుడు బక్ అనే కుక్క. పిల్లాడు ఊగిపోయాడు. తనూ అలాంటి పుస్తకం రాయాలి, అంతే!

రాయాలంటే కాగితం కావాలి, పెన్సిల్ కావాలి. అవి కొనే స్తోమత ఎక్కడిది? అందుకని మట్టిరోడ్డు దుమ్ములో, నది ఒడ్డు ఇసుకలో వేలితో రాసేవాడు. గాలి వీస్తే చెరిగిపోయే రాత అది. మరి చెప్పిన కథ వినేదెవరు? ఇంట్లో కుక్క ఉందిగా! రాల్స్ మొదటి కథలన్నీ విన్నది దానితో కలిసి తిరిగిన ఆ కుక్కే.

ఆలోచిస్తే, కుక్కంత మంచి శ్రోత ఇంకెవరుంటారు? మధ్యలో అడ్డుతగలదు. 'ఇది నిన్నే చెప్పావుగా' అనదు. వ్యాకరణం తప్పులు పట్టదు. మొహంలోకి చూస్తూ, చెవులు రిక్కించి, తోక ఊపుతుంది. పెద్దవాళ్లెవరూ వినని పిల్లాడికి అంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత కరవు రోజులొచ్చాయి. అమెరికా అంతా మహామాంద్యం. రాల్స్ పొట్టచేతపట్టుకుని ఊళ్లు తిరిగాడు. మెక్సికో, దక్షిణ అమెరికా, కెనడా, అలాస్కా... పని ఎక్కడుంటే అక్కడికి. పగలు సుత్తి, రంపం. రాత్రి పెన్సిల్. రాసింది రాసినట్టే పెట్టెలోకి. కుక్కకు చెప్పినంత ధైర్యంగా మనుషులకు చెప్పలేకపోయాడు. చివరికి పెళ్లికి ముందు అంతా తగలబెట్టేశాడు.

ఆమె చదువుతోంటే...

పెళ్లయ్యింది. కొన్నాళ్లకు ఆయనే ఉండబట్టలేక భార్యకు అసలు సంగతి చెప్పేశాడు. 'చిన్నప్పట్నుంచీ రచయిత కావాలని కల. రాశాను. కాల్చేశాను.' సోఫీ నవ్వలేదు. పోన్లే అని ఊరుకోనూ లేదు. 'వాటిలో ఒక్కటైనా మళ్లీ రాయి' అని పట్టుబట్టింది.

రాల్స్ కూర్చున్నాడు. మూడువారాలు. దాదాపు 35 వేల పదాలు. ఒక్క కామా లేదు. బుర్రలో ఏళ్లకేళ్లు నలిగిన కథ కాబట్టి ఏరులా వచ్చేసింది. కాగితాలు ఆమె చేతికిచ్చి తనేమో ఇంట్లోంచి బయటికెళ్లిపోయాడు. ఎదురుగా కూర్చుని ఆమె మొహం చూసే ధైర్యం లేక! చదవడం అయిపోయి ఉంటుందనుకున్నాక ఫోన్ చేశాడు. వెంటనే ఇంటికి రమ్మంది సోఫీ. కథ అద్భుతంగా ఉంది, ఇంకాస్త పెంచి రాస్తే పుస్తకం అవుతుందని చెప్పింది. స్పెల్లింగుల పనీ కామాల పనీ తనే నెత్తిన వేసుకుంది.

1961లో 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రిక దాన్ని సీరియల్‌గా వేసింది. అదే ఏడాది డబుల్‌డే సంస్థ పుస్తకంగా తెచ్చింది. ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటే. పుస్తకం అమ్ముడుపోలేదు. పెద్దవాళ్ల నవలగా అమ్మాలని చూడటమే తప్పయ్యింది. కొన్నేళ్ల తర్వాత ఉటా విశ్వవిద్యాలయంలో టీచర్లూ లైబ్రేరియన్లూ పాల్గొన్న ఓ సదస్సులో రాల్స్ మాట్లాడాడు. వాళ్లు పుస్తకాన్ని తరగతి గదుల్లోకి తీసుకెళ్లారు. టీచరు పైకి చదవడం, పిల్లలు కళ్లు తుడుచుకోవడం... అప్పట్నుంచి మొదలైంది దాని అసలు ప్రయాణం. 1974లో సినిమాగానూ వచ్చింది.

యాభై డాలర్లు... రెండేళ్లు

ఇంతకీ కథేంటి? ఓజార్క్ కొండల్లో బిల్లీ అనే పదేళ్ల పిల్లాడు. వాడికి ఒకటే జ్వరం... రెండు వేటకుక్కలు కావాలి. రకూన్ అనే జంతువును వేటాడటానికి. కళ్లకు నల్ల గంతలు కట్టినట్టుండే ఈ జీవి పెద్ద పిల్లంత ఉంటుంది. దాని తోలుకి ఆ రోజుల్లో మంచి ధర. ఓ పత్రికలో ప్రకటన కనిపించింది. ఒక్కో పిల్ల 25 డాలర్లు. నాన్న దగ్గర అంత డబ్బులేదు. ఏడ్చి గొడవచేస్తే వచ్చేది కాదని వాడికీ తెలుసు.

ఓ పాత బేకింగ్ పౌడర్ డబ్బా తీసుకున్నాడు. చేపలు పట్టడానికొచ్చేవాళ్లకు ఎరలు అమ్మాడు. కూరగాయలమ్మాడు. అడవిలో పళ్లు ఏరి అమ్మాడు. చిల్లర పైసలన్నీ డబ్బాలోకి. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు... రెండేళ్లు! 50 డాలర్లయ్యాయి. డబ్బా తీసుకెళ్లి తాతయ్య ముందు బోర్లించాడు. తాతయ్య ఆర్డరిచ్చేసరికి ఒక్కో పిల్ల ధర అయిదు డాలర్లు తగ్గింది. పిల్లలేమో దూరంగా ఉన్న టాలెక్వా పట్నానికి రైల్లో వస్తాయి. తీసుకొచ్చేవాళ్ల కోసం ఆగే ఓపిక వాడికెక్కడిది? రాత్రికిరాత్రే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వట్టి కాళ్లతో కొండలు దాటుకుంటూ వెళ్లిపోయాడు.

మిగిలిన పది డాలర్లతో ఏం చేశాడో తెలుసా? నాన్నకు బట్టలు, అమ్మకు గుడ్డ, చెల్లెళ్లకు మిఠాయి కొన్నాడు. తనకేమీ కొనుక్కోలేదు. కుక్కపిల్లల్ని సంచిలో వేసుకుని భుజాన పెట్టుకున్నాడు. బక్కచిక్కిన ఈ కొండల పిల్లాణ్ని చూసి పట్నం పిల్లలు ఎగతాళి చేశారు, కొట్టారు. అయినా సంచి వదల్లేదు.

ఓల్డ్ డాన్, లిటిల్ ఆన్. వాటి పేర్లు. ఒకటి బలం, ఇంకొకటి బుద్ధి. ఒకటి లేకుండా ఇంకొకటి ముద్ద ముట్టదు. ముగ్గురూ కలిసి అడవులు తిరుగుతారు, పోటీలో గెలుస్తారు, బంగారు కప్పు తెస్తారు. చివరికి కొండసింహం బిల్లీ మీదికి దూకినప్పుడు కుక్కలు అడ్డంపడతాయి. ఆ గాయాలతో డాన్ చనిపోతుంది. గాయాలు మానినా లిటిల్ ఆన్ తిండి మానేస్తుంది. పాక్కుంటూ వెళ్లి డాన్ సమాధి మీదే ప్రాణం వదులుతుంది. వసంతంలో రెండు సమాధుల నడుమా ఎర్ర ఫెర్న్ మొక్క మొలుస్తుంది. దేవదూత విత్తనం వేస్తే తప్ప ఆ మొక్క మొలవదని ఆ కొండల్లో నమ్మకంగా కథలో చెబుతాడు రాల్స్.

ఎందుకు చంపుతారు?

ఇలాంటి పుస్తకం పిల్లల చేతికివ్వొచ్చా? చాలామంది అమ్మానాన్నల అనుమానం ఇదే. కుక్క బొమ్మతో మంచి అట్ట ఉన్న పుస్తకం కనపడితే చాలు, 'ఇందులోనూ కుక్క చచ్చిపోతుందా?' అని ముందే అడిగే పిల్లలుంటారు. ఆ చిరాకుమీదే ఓ నవల వచ్చింది. 2000లో గోర్డన్ కోర్మన్ రాసిన 'నో మోర్ డెడ్ డాగ్స్'లో ఓ పిల్లాడు బళ్లో అలాంటి కథ గురించి మంచిగా రాయనంటే రాయనని మొండికేస్తాడు!

కానీ ఓ లెక్క చూడండి. కుక్క బతికేది మామూలుగా పది, పదిహేనేళ్లు. పిల్లాడి అయిదో ఏట ఇంటికొచ్చిన కుక్క, వాడు ఇంటరుకి వచ్చేసరికి ముసలిదైపోతుంది. వాడు పెరుగుతుంటే అది తరుగుతుంటుంది. ఎంతోమంది పిల్లలు దగ్గరగా చూసే మొదటి మరణం దానిదే. అది ఎలాగూ తప్పనప్పుడు, అమ్మ పక్కన కూర్చుని ముందుగా ఓ పుస్తకంలో ఏడవడం మేలే కదా? కథలో ఏడుపు పేజీ తిప్పితే ఆగుతుంది. ఎలా ఏడవాలో, ఏడ్చాక ఎలా లేవాలో మాత్రం నేర్పుతుంది.

ఫ్రెడ్ గిప్సన్ 1956లో రాసిన 'ఓల్డ్ ఎల్లర్'లో అయితే ఇంకా కష్టం. కుక్కను చంపాల్సింది పిల్లాడే. 1860ల చివర్లో టెక్సస్ పల్లె. నాన్న పశువుల్ని అమ్మడానికి దూరదేశం వెళ్లాడు. ఇంటి బరువు పద్నాలుగేళ్ల ట్రావిస్‌ది. ఇంట్లోవాళ్లను కాపాడబోయి వాళ్ల పసుపురంగు కుక్క పిచ్చిపట్టిన తోడేలుతో తలపడుతుంది. ఇక ఆ రోగం దానికీ వస్తుంది. తుపాకి ట్రావిస్ చేతిలో ఉంది...

ఆ పిల్లాడికి వేరే దారి ఉందా అంటే, లేదు. రేబిస్‌కి లూయీ పాశ్చర్ టీకాను జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి వేసింది 1885లో. అంటే ట్రావిస్ కథాకాలానికి ఇంకా పదిహేనేళ్లకు పైగా ఉంది. ఇవాళ మన వీధిలో కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళితే ప్రాణానికి భరోసా ఉంది. లక్షణాలు కనపడేదాకా ఆగితే మాత్రం దాదాపుగా ఎవరూ బతకరు. కుక్కను ప్రేమించే పిల్లలకు ఈ మాట కూడా చెప్పాలి. పెంపుడు కుక్కకు టీకా వేయించడమూ ప్రేమే.

తిరిగొచ్చిన లస్సీ, గెలిచిన మార్టీ

అన్ని కథలూ ఏడిపించవు. బ్రిటన్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టిన ఎరిక్ నైట్ 1940లో రాసిన 'లస్సీ కమ్-హోమ్' చూడండి. గనిలో పని పోయిన తండ్రి ఇల్లు గడవక కొడుకు ప్రాణంలా చూసుకునే కుక్కను ఓ జమీందారుకు అమ్మేస్తాడు. అది తప్పించుకొస్తుంది. 'అమ్మేశాం, ఇక అది మనది కాదు' అని తండ్రే తిప్పి పంపుతాడు. ఆకలి ఉన్నా మాట తప్పని మనిషి. కుక్కను దూరంగా స్కాట్లాండ్‌కి తరలిస్తే, వందల మైళ్లు నడిచి వచ్చి మళ్లీ బడి గేటు దగ్గర నిలబడుతుంది... పిల్లాడు బయటికొచ్చే వేళకి! నైట్ 1943 జనవరిలో విమాన ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడాది వచ్చిన సినిమా విజయాన్ని చూడలేకపోయాడు. అన్నట్టు, తెరమీద ఆడకుక్క లస్సీగా నటించింది పాల్ అనే మగకుక్క!

1992లో న్యూబెరీ పతకం గెలిచిన ఫిలిస్ రేనాల్డ్స్ నేలర్ నవల 'షైలో'లో చిక్కు మరో రకం. పక్కింటాయన కుక్కను హింసిస్తాడు. అది పదకొండేళ్ల మార్టీ దగ్గరికి పారిపోయి వస్తుంది. దాచిపెడితే అబద్ధం, దొంగతనం. ఇచ్చేస్తే దానికి తన్నులు. ఏది తప్పు, ఏది ఒప్పు? పెద్దవాళ్లకే తేలని ప్రశ్నను పిల్లాడి నెత్తిన పెట్టింది రచయిత్రి. చివరికి చెమటోడ్చి ఆయన దగ్గర పనిచేసి కుక్కను సంపాదించుకుంటాడు మార్టీ.

2000లో వచ్చిన కేట్ డికమిలో నవల 'బికాజ్ ఆఫ్ విన్-డిక్సీ'లో పదేళ్ల ఓపల్‌కి తల్లి లేదు. ఇల్లొదిలి వెళ్లిపోయింది. ఊరు కొత్త. స్నేహితుల్లేరు. సూపర్‌మార్కెట్‌లో అల్లరి చేస్తున్న ఓ వీధికుక్కను 'మాదే' అని చెప్పి తెచ్చేసుకుంటుంది. దాని వెంట తిరుగుతూ ఒక్కొక్కరితో మాట కలుపుతుంది. కుక్క వల్ల ఊరే చుట్టమవుతుంది. కుక్కలకు అనుమతి లేని ఓ అద్దె ఇంట్లో, మినియాపొలిస్ చలిలో ఉన్నప్పుడు, తను పెరిగిన ఫ్లోరిడా మీద బెంగతో ఈ కథ రాసింది డికమిలో. లేని కుక్కను కాగితం మీద తెచ్చుకుందన్నమాట!

మన సరమ

ఇదంతా అమెరికా, ఇంగ్లండ్ వాళ్ల గొడవ అనుకోకండి. మన మహాభారతం ఓ కుక్కపిల్ల ఏడుపుతో మొదలై, ఓ కుక్క స్నేహంతో ముగింపుకొస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజుగారి తమ్ముళ్లు కొడతారు. అది కుయ్యోమంటూ తల్లి సరమ దగ్గరికెళ్తుంది. సరమ నేరుగా రాజు దగ్గరికొచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డనెందుకు కొట్టారని నిలదీస్తుంది. మంచీచెడ్డా చూడకుండా బలహీనుల్ని బాధించేవాళ్లకు అనుకోని ఆపదలొస్తాయని హెచ్చరిస్తుంది. నన్నయ ఆదిపర్వంలోనే ఉందీ కథ. కుక్కకు 'సారమేయం' అన్న పేరు ఆ సరమ నుంచి వచ్చిందే. ఇక చివర్లో, తోడొచ్చిన కుక్కను వదిలేస్తేనే స్వర్గం అంటే ఆ స్వర్గమే వద్దంటాడు ధర్మరాజు. బళ్లో మాత్రం సుమతీ శతకంలో సింహాసనమెక్కిన కుక్క పద్యమే ముందు వల్లెవేయిస్తాం!

మన పిల్లలకు కుక్క కథలు కొత్తా? స్కూలు సంచిలో కుక్కపిల్లను దాచి తెచ్చి, పెరట్లో అట్టపెట్టెలో పడుకోబెట్టి, తన గ్లాసులో పాలు దానికి పోసి, 'ముందు దాన్ని బయట వదిలేసిరా' అన్న అమ్మ కేకకు కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలు ఏ వీధిలో లేరు? ఆ పిల్లాడికో పిల్లకో ఆ రోజు జరిగింది చిన్న విషయం కాదు. ఒక నవలకు సరిపోయే విషయం.

వినేవాళ్లుంటే చాలు

1999లో ఉటా రాష్ట్రంలోని సాల్ట్‌లేక్ సిటీలో ఓ కార్యక్రమం మొదలైంది. చదవడానికి తడబడే పిల్లల పక్కన శిక్షణ పొందిన కుక్కను కూర్చోబెడతారు. పిల్లలు దానికి పుస్తకం చదివి వినిపించాలి. తప్పు చదివినా అది నవ్వదు కాబట్టి భయం పోతుంది. గొంతు పైకి లేస్తుంది. ఓజార్క్ కొండల్లో ఓ పేద పిల్లాడు ఎవరూ చెప్పకుండానే చేసిన పని అదే!

రాల్స్ ఆ తర్వాత ఇంకొక్క నవలే రాశాడు... 1976లో 'సమ్మర్ ఆఫ్ ద మంకీస్'. బడులు తిరుగుతూ, కలల్ని కాల్చుకోవద్దని పిల్లలకు తన కథే చెప్పేవాడు. 1984లో కన్నుమూశాడు. ఆ నవల తిరగరాసిన ఊరు ఐడహోఫాల్స్‌లో ఇప్పుడు పబ్లిక్ లైబ్రరీ దగ్గర బిల్లీ, రెండు కుక్కల కంచు విగ్రహం ఉంది. కామాలు పెట్టడం రాదని సిగ్గుపడ్డ మనిషి కథకు గ్రంథాలయం దగ్గరే చోటు దొరికింది.

ఆయన కథను మొదట విన్నది ఓ కుక్క. మళ్లీ రాయించింది ఓ భార్య. ఇద్దరూ చేసింది ఒకటే... నవ్వకుండా వినడం. మీ ఇంట్లోనూ ఏదో ఓ మూల, ఎవరికీ చూపించకుండా నోటుపుస్తకం చివరిపేజీల్లో ఏదో రాసుకునే పిల్లలుంటారు. ఈ ఆదివారం అడిగి చూడండి. స్పెల్లింగుల సంగతి మాత్రం సోమవారం చూసుకోవచ్చు!